యుద్ధ ప్రచారంలో బొమ్మల కథలు, బాలల పుస్తకాలు

యుద్ధకాలంలోను, యుద్ధానికి ప్రజలను సిద్ధం చేసే కాలంలోను పిల్లల కోసం వెలువడిన కామిక్స్, బొమ్మల పుస్తకాలు అనేక దేశాలలో ప్రచార సాధనాలుగా ఉపయోగపడ్డాయి. శత్రువు పట్ల ద్వేషం, స్వదేశం పట్ల గర్వం, సైన్యం పట్ల ఆరాధన కలిగించడం, యుద్ధ నిధులకు డబ్బు సేకరించడం వీటి ప్రధాన ఉద్దేశాలు. ఈ ప్రక్రియ రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో (1939 - 1945) అత్యధిక స్థాయికి చేరుకున్నది. జర్మనీ, జపాన్, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ దేశాలలో వెలువడిన పుస్తకాలు ఇందుకు ముఖ్యమైన ఉదాహరణలు. వీటిలో కొన్ని యుద్ధానంతరం న్యాయస్థానంలో సాక్ష్యాలుగా కూడా నిలిచాయి.

పదము - పరిధి

తెలుగులో "ప్రచారం" అనే మాట విస్తృతమైన అర్థంలో వాడుకలో ఉన్నది. ఎన్నికల ప్రచారం, ఆరోగ్య ప్రచారం, వ్యాపార ప్రచారం అన్నీ ఆ మాటలోనే ఇమిడిపోతాయి. ఈ వ్యాసంలో ప్రచారం అనగా, ఒక పక్షానికి అనుకూలంగా ప్రజల అభిప్రాయాలను మలచడానికి ఉద్దేశపూర్వకంగా, ఏకపక్షంగా సాగించే సమాచార వ్యాప్తి అని గ్రహించాలి. దీనికి ఆంగ్లంలో వాడే "ప్రాపగాండా" అనే మాట 1622లో పోప్ పదిహేనవ గ్రెగరీ మతవ్యాప్తి కొరకు నెలకొల్పిన సంస్థ లాటిన్ పేరు నుండి వచ్చినది. మొదట ఆ మాటకు చెడు అర్థం లేదు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతనే అది నిందార్థంలో స్థిరపడినది.

ప్రచారంలో చెప్పేదంతా అబద్ధమే కానక్కర లేదు. నిజాలలో కొన్నింటిని మాత్రమే ఎంచి చెప్పడం, ఒక వ్యక్తి దోషాన్ని జాతి మొత్తానికి అంటగట్టడం, ఆలోచనకు తావివ్వకుండా భయాన్ని గాని ఉత్సాహాన్ని గాని రేకెత్తించడం దీని లక్షణాలు.

పిల్లల పుస్తకాలనే ఎంచుకోవడానికి కారణాలు

పిల్లల పుస్తకం ప్రచారకులను ఆకర్షించడానికి పలు కారణాలు ఉన్నాయి.

మొదటిది, బొమ్మకు చదువుతో పని లేదు. అక్షరాలు రాని పిల్లవాడు కూడా బొమ్మలో ఎవరు మంచివాడో, ఎవరు చెడ్డవాడో ఇట్టే పోల్చుకుంటాడు. రెండవది, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు స్వయంగా చదివి వినిపించే పుస్తకంపై పిల్లలకు సందేహం కలగదు. మూడవది, జంతువుల కథలు, రాక్షసుల కథలు పిల్లలకు ముందే పరిచయం. రాక్షసుడి స్థానంలో శత్రువును నిలబెడితే చాలు, కథ దానంతట అదే నడుస్తుంది. నాలుగవది, పిల్లల ద్వారా ఆ సందేశం ఇంటిలోని పెద్దలకు కూడా చేరుతుంది. ఐదవది, దీర్ఘకాలం సాగబోయే యుద్ధానికి నేటి బాలుడే రేపటి సైనికుడు.

తొలి ఉదాహరణలు

19వ శతాబ్ది చివరలో ఐరోపా సామ్రాజ్యాలలో పిల్లల పుస్తకాలు బాహాటంగానే దేశభక్తి పాఠాలుగా ఉండేవి. 1899లో బ్రిటన్‌లో శ్రీమతి ఎర్నెస్ట్ ఏమ్స్ రచించి, బొమ్మలు వేసిన "యాన్ ఏబీసీ ఫర్ బేబీ పేట్రియట్స్" అనే అక్షరమాల పుస్తకం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఇందులో ఒక్కొక్క అక్షరం బ్రిటిష్ సామ్రాజ్య వైభవాన్ని చాటుతుంది. "ఐ" అక్షరానికి ఇండియా ఉదాహరణగా ఇవ్వబడినది. ఆ పుటలో భారతదేశం పులులను వేటాడడానికి, విందులు చేసుకోవడానికి అనువైన తూర్పు దేశంగా మాత్రమే పరిచయమవుతుంది. అక్కడి ప్రజల జీవితం గురించి ప్రస్తావన లేదు.

మొదటి ప్రపంచ యుద్ధం (1914 - 1918) ప్రారంభమైన ఏడాదే బ్రిటన్‌లో ఇ.వి. లూకాస్ రచనతో, జార్జ్ మారో బొమ్మలతో "స్వోలెన్ హెడెడ్ విలియం" అనే పుస్తకం వెలువడినది. జర్మన్ రచయిత హైన్‌రిష్ హాఫ్‌మన్ 1845లో ప్రచురించిన సుప్రసిద్ధ బాలల పుస్తకం "స్ట్రువెల్‌పేటర్"కు ఇది వికటానుకరణ. అల్లరి పిల్లవాడి స్థానంలో జర్మన్ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్‌ను నిలిపి ఎగతాళి చేశారు. శత్రుదేశపు పిల్లల పుస్తకాన్నే శత్రువుపై ఆయుధంగా వాడుకోవడం ఇందులోని విశేషం. ఫ్రాన్స్‌లో 1905 నుండి బాలికల పత్రికలో వస్తున్న బెకాసిన్ అనే అమాయకపు పల్లెటూరి పనిపిల్ల పాత్ర కూడా యుద్ధకాలపు కథలలోకి ప్రవేశించినది.

నాజీ జర్మనీ

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చిన తరువాత జర్మనీలో పాఠ్యపుస్తకాలు, బాలసాహిత్యం నాజీ పక్షపు అదుపులోకి వెళ్ళాయి. యూదుల పట్ల ద్వేషాన్ని నూరిపోసిన పిల్లల బొమ్మల పుస్తకాలలో ఎక్కువ అపఖ్యాతి పొందినవి న్యూరెంబర్గ్ నగరంలో యూలియస్ స్ట్రైకర్ నడిపిన స్ట్యూర్మర్ ప్రచురణ సంస్థ నుండి వెలువడ్డాయి.

వీటిలో మొదటిది 1936లో ఎల్వీరా బావర్ అనే యువతి రచించినది. పచ్చిక బయలులో నక్కను గాని, ప్రమాణం చేసిన యూదుణ్ణి గాని నమ్మవద్దని దాని పొడవైన పేరుకు అర్థం. ఇందులోని ఒక బొమ్మలో యూదు పిల్లలను, యూదు ఉపాధ్యాయుణ్ణి బడి నుండి వెళ్ళగొడుతుండగా, మిగిలిన పిల్లలు ఆనందంతో గేలి చేస్తుంటారు. 1938 నవంబరులో జర్మనీ ప్రభుత్వ పాఠశాలల నుండి యూదు విద్యార్థులను పూర్తిగా బహిష్కరించారు. అంటే, ఆ బహిష్కారం ప్రభుత్వ ఉత్తరువుగా రావడానికి రెండు సంవత్సరాల ముందే పిల్లల పుస్తకంలో వేడుకగా చిత్రించబడినది.

రెండవది 1938లో వెలువడిన "డేర్ గిఫ్ట్‌పిల్ట్స్". దీని అర్థం విషపు పుట్టగొడుగు. రచయిత ఎర్నెస్ట్ హీమర్, బొమ్మలు వేసినవాడు "ఫిప్స్" అనే కలం పేరు గల ఫిలిప్ రూప్రెక్ట్. మొదటి కథలో ఒక తల్లి తన కుమారుడితో అడవిలో పుట్టగొడుగులు ఏరుతూ, తినదగినవేవో, విషపూరితమైనవేవో చూపిస్తుంది. ఆ పైన మనుషులలో కూడా అటువంటి విషపు పుట్టగొడుగులు ఉంటాయని, వారు యూదులని చెబుతుంది. మరొక కథలో తరగతి గదిలో నల్లబల్ల వద్ద, యూదుల ముక్కు ఆకారాన్ని బట్టి వారిని గుర్తించడమెలాగో పాఠంగా నేర్పుతారు.

ఈ పుస్తకంలోని ప్రమాదం దాని సాధారణత్వంలో ఉన్నది. అడవికి వెళ్ళే ప్రతి తల్లి తన బిడ్డకు విషపు పుట్టగొడుగు గురించి హెచ్చరిక చేస్తుంది. అది ప్రేమతో కూడిన, అవసరమైన బోధ. రచయిత ఆ నమ్మకాన్నే వాడుకున్నాడు. విషపు పుట్టగొడుగును గుర్తించిన తరువాత ఎవరూ దానితో వాదించరు, పీకి పారవేస్తారు. ఆ పోలికలో చెప్పకుండానే చెప్పిన మాట అదే.

యుద్ధానంతరం న్యూరెంబర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ సైనిక న్యాయస్థాన విచారణలో స్ట్రైకర్‌పై నేరారోపణలకు ఆధారంగా ఈ పుస్తకాన్ని కూడా ప్రవేశపెట్టారు. అతడు సైన్యాలను నడిపినవాడు గాని, నిర్బంధ శిబిరాలను నిర్వహించినవాడు గాని కాదు. ప్రచురణల ద్వారా హత్యాకాండకు ప్రేరేపించినందుకు మానవత్వానికి వ్యతిరేకమైన నేరం క్రింద దోషిగా నిర్ణయించి, 1946 అక్టోబరు 16న ఉరి తీశారు.

జపాన్

జపాన్‌లో తగావా సుయిహో సృష్టించిన "నోరాకురో" అనే చిత్రకథ 1931 నుండి 1941 వరకు "షోనెన్ కురాబు" అనే బాలుర మాసపత్రికలో వెలువడినది. కథానాయకుడు ఒక నల్లని ఊరకుక్క. అతడు కుక్కల సైన్యంలో అట్టడుగు సిపాయిగా చేరి, పొరపాట్లు చేస్తూ, క్రమంగా పదోన్నతులు పొందుతాడు. ఆరంభంలో ఇది ప్రధానంగా హాస్యకథ. 1937లో చైనాతో పూర్తిస్థాయి యుద్ధం మొదలైన తరువాత కుక్కల సైన్యం పందుల సైన్యంతో పోరాడసాగినది. ఆ పందులు చైనా సైనికులకు ప్రతీకలని పిల్లలకు వేరుగా చెప్పవలసిన పని లేకపోయినది. అయినప్పటికీ 1941లో ప్రభుత్వ ఒత్తిడి వలన ఈ కథ ఆగిపోయినది. యుద్ధాన్ని బలపరచిన హాస్యం కూడా చివరకు హాస్యమైన కారణం చేత అధికారులకు రుచించలేదు.

జపాన్‌కు ప్రత్యేకమైన మరొక సాధనం "కామిషిబాయి", అనగా కాగితపు నాటకం. కథకుడు సైకిలుపై చిన్న చెక్క పెట్టె పెట్టుకుని వీధులలోకి వచ్చి, మిఠాయిలు అమ్మి, ఒక్కొక్క బొమ్మ అట్టను మార్చుతూ కథ చెప్పేవాడు. తెలంగాణలో చేర్యాల నకాషీ పటాలను విప్పి చూపుతూ కథ చెప్పే సంప్రదాయంతో దీనికి కొంత పోలిక ఉన్నది. యుద్ధకాలంలో ప్రభుత్వ విధానాలకు అనుగుణమైన కామిషిబాయి కథలను తయారు చేయించి బడులలోను, కార్ఖానాలలోను, పల్లెలలోను ప్రదర్శింపజేశారు. పొదుపు, త్యాగం, వీరమరణం వీటిలోని ప్రధాన వస్తువులు. విద్యుత్తు గాని యంత్రాలు గాని అవసరం లేకపోవడం వలన ఇవి మారుమూల ప్రాంతాలకు కూడా సులభంగా చేరాయి.

జానపద కథానాయకుడైన మొమొతారో కూడా యుద్ధంలోకి వచ్చాడు. పీచు పండు నుండి పుట్టిన ఈ బాలుడు కుక్క, కోతి, జెముడుకోడి జాతి పక్షి తోడుగా రాక్షసుల దీవిపై దండెత్తి గెలుస్తాడు. 1943లో మిత్సుయో సెవో దర్శకత్వంలో వచ్చిన యానిమేషన్ చిత్రంలో రాక్షసుల దీవి పెరల్ హార్బర్‌ను సూచిస్తుంది. 1945 ఏప్రిల్‌లో విడుదలైన దాని తరువాతి చిత్రం జపాన్ మొట్టమొదటి పూర్తి నిడివి యానిమేషన్ చిత్రంగా పరిగణింపబడుతున్నది. యుద్ధానంతరం జపాన్ చిత్రకథలకు కొత్త రూపునిచ్చిన ఒసాము తెజుకా కౌమారంలో ఈ చిత్రాన్ని చూసి గాఢంగా ప్రభావితుడయ్యాడు. ప్రచారం కోసం తయారైన కళ కూడా కళగా ప్రభావం చూపగలదనడానికి ఇది ఒక నిదర్శనం.

అమెరికా సంయుక్త రాష్ట్రాలు

వీరనాయకుల కథలు

అమెరికాలో కామిక్ పుస్తకాలు యుద్ధంలోకి ప్రభుత్వం కంటే ముందే ప్రవేశించాయి. 1940 ఫిబ్రవరిలో "లుక్" అనే సచిత్ర పత్రిక కోరికపై, సూపర్‌మాన్ సృష్టికర్తలు జెర్రీ సీగెల్, జో షుస్టర్ రెండు పుటల కథ తయారు చేశారు. అందులో సూపర్‌మాన్ హిట్లర్‌ను, స్టాలిన్‌ను పట్టుకుని జెనీవాలోని నానాజాతి సమితి ముందు నిలబెడతాడు. అదే ఏడాది ఏప్రిల్ 25న నాజీ ఎస్.ఎస్. దళాల వారపత్రిక "దాస్ ష్వార్ట్సే కోర్" ఈ కథపై మండిపడి, సీగెల్ యూదుడని ఎత్తిచూపుతూ వ్యాసం ప్రచురించినది.

"కెప్టెన్ అమెరికా కామిక్స్" మొదటి సంచికపై 1941 మార్చి అని ముద్రించబడినా, అది 1940 డిసెంబరు 20న అమ్మకానికి వచ్చినది. దాని ముఖచిత్రంలో కథానాయకుడు హిట్లర్ దవడపై పిడిగుద్దు గుద్దుతుంటాడు. అప్పటికి అమెరికా యుద్ధంలో చేరలేదు. పెరల్ హార్బర్‌పై దాడి 1941 డిసెంబరు 7న గాని జరగలేదు. సృష్టికర్తలైన జో సైమన్, జాక్ కిర్బీ ఇద్దరూ యూదు కుటుంబాలకు చెందినవారు. సంచిక దాదాపు పది లక్షల ప్రతులు అమ్ముడుపోయినది. అమెరికాలోని నాజీ అనుకూలుర నుండి బెదిరింపులు వచ్చాయని, అప్పటి న్యూయార్క్ మేయర్ లా గార్డియా ఫోను చేసి రక్షణ కల్పిస్తామని ధైర్యం చెప్పాడని సైమన్ తరువాతి కాలంలో తెలిపాడు. కనుక ఈ సంచికను ప్రభుత్వ ప్రచారంగా కాక, తటస్థంగా ఉన్న ప్రభుత్వాన్ని ముందుకు నెట్టడానికి ఇద్దరు చిత్రకారులు చేసిన ప్రయత్నంగా చూడవలసి ఉన్నది. కిర్బీ తరువాత సైన్యంలో చేరి ఫ్రాన్స్‌లో యుద్ధం చేశాడు.

అమెరికా యుద్ధంలో చేరిన తరువాత సూపర్‌మాన్ విషయంలో ఒక చిక్కు ఏర్పడినది. అంతటి బలశాలి రణరంగానికి వెళితే యుద్ధం ఒక్క రోజులో ముగియాలి. అలా ముగియకపోతే పిల్లలు నమ్మరు. ముగిసినట్లు చూపితే నిజమైన సైనికుల త్యాగం చులకన అవుతుంది. ఈ చిక్కును 1942లో దినపత్రికల చిత్రకథలో పరిష్కరించారు. క్లార్క్ కెంట్ సైనిక వైద్య పరీక్షకు వెళ్ళి, పొరపాటున తన అద్భుత దృష్టితో పక్క గదిలోని కంటి పరీక్ష పట్టికను చదివి, అనర్హుడిగా తేలిపోతాడు. అందువలన సూపర్‌మాన్ స్వదేశంలోనే ఉండి విద్రోహులను పట్టుకోవడానికి పరిమితమయ్యాడు.

యుద్ధ బాండ్లు, స్టాంపులు

కామిక్స్ ద్వారా పిల్లల నుండి నేరుగా డబ్బు సేకరణ జరిగినది. 10 సెంట్లు, 25 సెంట్ల విలువ గల యుద్ధ పొదుపు స్టాంపులను పిల్లలు కొని ఒక పుస్తకంలో అంటించేవారు. 25 సెంట్ల స్టాంపులు 75 చేరితే 18 డాలర్ల 75 సెంట్లు అవుతుంది. దానిని ఒక బాండుగా మార్చుకుంటే పది సంవత్సరాల తరువాత 25 డాలర్లు లభించేవి. ఒక కామిక్ పుస్తకం వెల కూడా అప్పట్లో 10 సెంట్లే. అనగా పుస్తకం కొనే పిల్లవాడి చేతిలోని నాణెం, స్టాంపు కొనడానికి సరిగ్గా సరిపోయే నాణెం.

1943 మార్చి నాటి "యాక్షన్ కామిక్స్" 58వ సంచిక ముఖచిత్రంలో సూపర్‌మాన్ స్వయంగా బాండ్ల ప్రకటనను ముద్రిస్తూ కనిపిస్తాడు. బాండ్లు కొనడమంటే జపనీయుణ్ణి చెంపదెబ్బ కొట్టడమేనని, జాతిని కించపరిచే మాటతో, ఆ ప్రకటన చెబుతుంది. పొదుపు అనే మంచి అలవాటును, జాతిద్వేషాన్ని ఒకే వాక్యంలో కలిపి నేర్పిన ఉదాహరణగా దీనిని పేర్కొంటారు.

రచయితల యుద్ధ మండలి

రెక్స్ స్టౌట్ అనే నవలాకారుడి అధ్యక్షతన పనిచేసిన "రైటర్స్ వార్ బోర్డ్" పైకి రచయితల స్వచ్ఛంద సంస్థగా కనిపించినా, దానికి ప్రభుత్వ నిధులు అందేవి. ఈ సంస్థ 1943లో కామిక్స్ కోసం ఒక ఉపసంఘాన్ని ఏర్పాటు చేసినది. ఇది ప్రచురణ సంస్థలకు కథా వస్తువులను సూచించి, చిత్తుప్రతులపై సలహాలు ఇచ్చేది. నేరుగా ప్రభుత్వమే కథలు రాయిస్తే పాఠకులు గుర్తించి తిరస్కరించే అవకాశం ఉన్నది. అందువలన ఈ మధ్యవర్తి పద్ధతి అనుకూలమైనది. నాయకులు మాత్రమే కాక శత్రుదేశపు ప్రజలందరూ యుద్ధ దోషులేనన్న భావన కలిగించే కథలను ఈ సంస్థ ప్రోత్సహించినది. ఆశ్చర్యకరంగా అదే సంస్థ అమెరికాలోని నల్లజాతీయులను గౌరవంగా చిత్రించాలని కూడా కోరినది. స్వదేశంలో జాతి ఐక్యత, శత్రువుపై జాతిద్వేషం అనే రెండు విరుద్ధ బోధలు ఒకే చోటు నుండి వెలువడ్డాయి.

శత్రువు రూపం, మిత్రుడి రూపం

జపనీయులను కామిక్స్‌లో కోరలు, పచ్చని చర్మం, పెద్ద కళ్ళద్దాలతో అమానుషంగా చిత్రించేవారు. జర్మన్ల విషయంలో ఎక్కువగా నాజీ నాయకులను ఎగతాళి చేయగా, జపనీయుల విషయంలో జాతి మొత్తాన్నీ ఒకే ముఖంతో చూపారు. చైనా మిత్రదేశం కనుక, ఇద్దరినీ వేరుగా గుర్తించడం నేర్పే ప్రయత్నాలు కూడా జరిగాయి. ప్రసిద్ధ చిత్రకథకుడు మిల్టన్ కానిఫ్ 1942లో అమెరికా సైనికులకు ఇచ్చిన చైనా పరిచయ పుస్తకంలో, జపనీయుణ్ణి ఎలా గుర్తుపట్టాలో తెలిపే చిత్రకథ గీశాడు. నడకను, కళ్ళను, పళ్ళను బట్టి జాతిని నిర్ణయించే ఈ పాఠం తరువాతి ముద్రణలో తొలగించబడినది.

ఈ వ్యంగ్య చిత్రణను పిల్లలే ప్రశ్నించిన సందర్భం కూడా ఉన్నది. "కెప్టెన్ మార్వెల్" కథలలో స్టీమ్‌బోట్ అనే నల్లజాతి సేవకుడి పాత్రను హేళనగా చిత్రించేవారు. న్యూయార్క్‌కు చెందిన పాఠశాల విద్యార్థుల బృందం ఒకటి ప్రచురణ సంస్థను కలిసి అభ్యంతరం తెలిపినది. ఫలితంగా 1945లో ఆ పాత్రను తొలగించారు.

డాక్టర్ స్యూస్

బాలల రచయితగా లోకప్రసిద్ధుడైన డాక్టర్ స్యూస్ అసలు పేరు థియోడర్ స్యూస్ గైసెల్. ఇతడు 1941 నుండి 1943 ఆరంభం వరకు న్యూయార్క్ నుండి వెలువడే "పి.ఎం." దినపత్రికలో నాలుగు వందలకు పైగా రాజకీయ వ్యంగ్య చిత్రాలు గీశాడు. వాటిలో యూదు ద్వేషాన్ని, నల్లజాతీయుల పట్ల వివక్షను ఖండించిన చిత్రాలు అనేకం ఉన్నాయి. అయితే 1942 ఫిబ్రవరి 13న వచ్చిన చిత్రంలో పశ్చిమ తీర రాష్ట్రాలలోని జపాన్ సంతతి ప్రజలు బారులు తీరి, పేలుడు పదార్థాల పొట్లాలు అందుకుంటూ, స్వదేశం నుండి ఆజ్ఞ కోసం ఎదురుచూస్తున్నట్లు చూపాడు.

ఆ తరువాత ఆరు రోజులకు, ఫిబ్రవరి 19న, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066వ కార్యనిర్వాహక ఉత్తరువుపై సంతకం చేశాడు. దాని ప్రకారం సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వారిని ఇళ్ళ నుండి తరలించి నిర్బంధ శిబిరాలలో ఉంచారు. వారిలో మూడింట రెండు వంతుల మంది అమెరికా పౌరులే. ఒక వ్యంగ్య చిత్రం వలన ఆ ఉత్తరువు వచ్చినదని చెప్పలేము. అయితే అటువంటి ఉత్తరువును సహజమైనదిగా జనం స్వీకరించే వాతావరణంలో ఇటువంటి చిత్రాలకు భాగం ఉన్నది. 1988లో అమెరికా ప్రభుత్వం చట్టం ద్వారా క్షమాపణ చెప్పి, జీవించి ఉన్న బాధితులకు తలా 20,000 డాలర్ల పరిహారం ప్రకటించినది.

స్యూస్ 1953లో జపాన్‌ను సందర్శించాడు. మరుసటి ఏడాది ప్రచురించిన "హార్టన్ హియర్స్ ఎ హూ" అనే పుస్తకాన్ని క్యోటోకు చెందిన మిత్రుడు, ఆచార్యుడు మిత్సుగి నకమురాకు అంకితమిచ్చాడు. ధూళికణంపై నివసించే అతి చిన్న జీవుల మొర విని వారిని కాపాడే ఏనుగు కథ ఇది. యుద్ధకాలపు తన చిత్రాలకు రచయిత చేసుకున్న ప్రాయశ్చిత్తంగా పలువురు విమర్శకులు దీనిని భావిస్తారు.

సైనిక శిక్షణ

కామిక్స్ ద్వేషప్రచారానికే కాక బోధనకు కూడా ఉపయోగపడ్డాయి. 1942లో సైన్యంలో చేరిన చిత్రకథకుడు విల్ ఐస్నర్ "ఆర్మీ మోటార్స్" అనే సైనిక పత్రికలో జో డోప్ అనే మందబుద్ధి సిపాయి పాత్ర ద్వారా వాహనాల నిర్వహణ, మరమ్మతుల గురించి హాస్యంగా నేర్పాడు. 1951లో ప్రారంభమైన "పి.ఎస్." అనే నిర్వహణ మాసపత్రికలో 1971 వరకు ఈ పని కొనసాగించాడు.

బ్రిటన్

"డాండీ" (1937), "బీనో" (1938) అనే బాలల హాస్య వారపత్రికలు యుద్ధకాలంలో కాగితం కొరత వలన వారం విడిచి వారం వెలువడ్డాయి. "డాండీ"లో హిట్లర్, గోరింగ్ ఇద్దరినీ తిండి కోసం దొంగతనాలు చేస్తూ దెబ్బలు తినే మూర్ఖులుగా చూపారు. "బీనో"లో ముస్సోలినీని అదే విధంగా వెక్కిరించారు. బాంబుదాడుల మధ్య పెరుగుతున్న పిల్లలకు శత్రువును భయంకరుడిగా కాక నవ్వదగినవాడిగా చూపడం ఈ పత్రికల ధోరణి. అయితే ముస్సోలినీ కథ శీర్షికలోనే ఇటాలియన్లను కించపరిచే మాట ఉండేది.

1941లో రాబర్ట్, ఫిలిప్ స్పెన్స్ సోదరులు "స్ట్రువెల్‌హిట్లర్" అనే పుస్తకాన్ని వెలువరించారు. 1914లో చక్రవర్తిని వెక్కిరించడానికి ఉపయోగపడిన పాత జర్మన్ పుస్తకమే ఈసారి హిట్లర్‌పై ప్రయోగించబడినది.

ఫ్రాన్స్, బెల్జియం

జర్మనీ ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లో "లె తెమెరైర్" అనే బాలల సచిత్ర పత్రిక 1943 జనవరి నుండి 1944 ఆగస్టు వరకు పారిస్ నుండి వెలువడినది. పోటీ పత్రికలు మూతపడిన కాలంలో రంగులతో ఆకర్షణీయంగా వచ్చిన ఈ పత్రికలో, సాహస కథల ముసుగులో నాజీ భావాలు, యూదు ద్వేషం ఉండేవి.

దీనికి ప్రతిగా చిత్రకారుడు ఎడ్మండ్ ఫ్రాన్స్వా కాల్వో ఆక్రమణ కాలంలో రహస్యంగా గీసిన "లా బెత్ ఎ మోర్త్" విముక్తి తరువాత 1944 - 1945లో రెండు భాగాలుగా ప్రచురితమైనది. "మృగం చచ్చినది" అని దీని అర్థం. ఇందులో జర్మన్లు తోడేళ్ళుగా, ఫ్రెంచివారు కుందేళ్ళు, ఉడుతలుగా, చర్చిల్ బుల్‌డాగ్‌గా కనిపిస్తారు. యూదుల తరలింపును, హత్యలను ప్రస్తావించిన తొలి చిత్రకథలలో ఇది ఒకటి. పీడితుల పక్షాన నిలిచిన పుస్తకమే అయినా, ఒక జాతినంతటినీ ఒక మృగంగా చూపే పద్ధతిని ఇది కూడా విడిచిపెట్టలేదు.

బెల్జియంలో టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జె ఆక్రమణదారుల అదుపులోని "లె స్వార్" పత్రికలో పనిచేశాడు. 1941 - 1942లో అందులో వచ్చిన "ద షూటింగ్ స్టార్" కథలో ప్రతినాయకుడు యూదు పేరుగల న్యూయార్క్ ధనవంతుడు. యుద్ధానంతరం ఆ పేరును, దేశాన్ని మార్చివేశారు.

ప్రచ్ఛన్న యుద్ధ కాలం

యుద్ధం ముగిసినా పద్ధతి ఆగలేదు. 1947లో అమెరికాలోని ఒక క్యాథలిక్ ప్రచురణ సంస్థ "ఈజ్ దిస్ టుమారో" అనే కామిక్ పుస్తకంలో కమ్యూనిస్టుల పాలనలో అమెరికా ఎలా ఉంటుందో భయానకంగా చూపినది. 1980 దశకంలో అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఏ. నికరాగ్వా ప్రజల కోసం, ప్రభుత్వ యంత్రాంగాన్ని చిన్న చిన్న విధ్వంస చర్యలతో స్తంభింపజేయడమెలాగో బొమ్మలతో నేర్పే పుస్తకాన్ని తయారు చేయించినది.

సోవియట్ యూనియన్ మరొక మార్గం ఎంచుకున్నది. మాస్కోలోని ప్రగతి, ఆ తరువాత రాదుగ ప్రచురణాలయాలు చక్కని బొమ్మలతో బాలల పుస్తకాలను తెలుగుతో సహా అనేక భాషలలో అతి తక్కువ ధరకు అందించాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటి తెలుగు రచయితలు మాస్కోలో అనువాదకులుగా పనిచేశారు. ఆంధ్రదేశంలో ఇవి విశాలాంధ్ర పుస్తకశాలల ద్వారా పాఠకులకు చేరాయి. వీటిలో అధికభాగం జానపద కథలు, విజ్ఞాన విషయాలు. వీటిని ద్వేషప్రచారంతో సమానం చేయడం సరికాదు. అయితే ఒక దేశం పట్ల సద్భావన కలిగించడం వీటి లక్ష్యాలలో ఒకటన్నది కూడా నిజమే.

సాధారణ పద్ధతులు

పై ఉదాహరణలన్నింటిలో కొన్ని సమాన లక్షణాలు కనిపిస్తాయి.

శత్రువును జంతువుగా, క్రిమిగా, విషంగా చూపడం. మనిషిని చంపడం పాపమని నేర్చిన పిల్లవాడికి, చంపబడేది మనిషి కాదని ముందుగా నమ్మించడం దీని ప్రయోజనం.

పాత కథను కొత్త అవసరానికి వాడడం. మొమొతారో, స్ట్రువెల్‌పేటర్ కథలు ఇందుకు నిదర్శనాలు.

పిల్లవాడికి ఒక పని అప్పగించడం. స్టాంపులు కొనడం, పాత ఇనుము, కాగితం సేకరించడం, అనుమానితులపై కన్ను వేయడం ఇటువంటివి. పని చేసిన పిల్లవాడు తాను కూడా యుద్ధంలో పాల్గొన్నట్లు భావిస్తాడు.

మరణాన్ని మరుగుపరచడం. శత్రువులు గుంపులుగా పడిపోతారు గాని, వారికి తల్లులు, పిల్లలు ఉన్నట్లు ఎక్కడా కనిపించదు.

యుద్ధానంతర ప్రతిస్పందన

ప్రచారానికి ఉపయోగపడిన ఈ ప్రక్రియే తరువాత దానికి సమాధానం కూడా చెప్పినది. అమెరికాలో హార్వీ కుర్ట్‌జ్‌మన్ 1950 దశకం ఆరంభంలో "టూ ఫిస్టెడ్ టేల్స్", "ఫ్రంట్‌లైన్ కాంబాట్" పత్రికలలో కొరియా యుద్ధాన్ని వైభవంగా కాక విషాదంగా చూపాడు. శత్రుసైనికుడు కూడా మనిషేనని ఆ కథలు గుర్తు చేశాయి.

జపాన్‌లో న్యూ బ్రిటన్ దీవిలో జరిగిన యుద్ధంలో ఎడమ చేతిని కోల్పోయిన మిజుకి షిగెరు, వీరమరణం పేరుతో సైనికులను అర్థం లేని చావుకు పంపిన తీరును 1973లో చిత్రకథగా రచించాడు. ఆరేళ్ళ వయసులో హిరోషిమా అణుబాంబు దాడి నుండి బయటపడిన నకజవా కేజి అదే ఏడాది "బేర్‌ఫుట్ జెన్" ప్రారంభించాడు. అందులో అణుబాంబు వినాశనంతో పాటు, యుద్ధాన్ని వ్యతిరేకించిన కుటుంబాన్ని ఇరుగుపొరుగువారే వేధించడం కూడా చిత్రించాడు.

ఆర్ట్ స్పీగెల్‌మన్ "మౌస్" (1986, 1991) యూదులను ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా చూపుతుంది. యూదులను ఎలుకలతో పోల్చిన నాజీ ప్రచారాన్నే తీసుకుని, ఆ పోలిక లోపల నిజమైన మనుషులను నిలిపి, దానిని తలక్రిందులు చేశాడు. ఈ గ్రంథానికి 1992లో ప్రత్యేక పులిట్జర్ బహుమతి లభించినది.

ప్రాణరక్షణకు కూడా ఈ ప్రక్రియ ఉపయోగపడినది. 1996లో బోస్నియా పిల్లలకు మందుపాతరల ప్రమాదాన్ని వివరిస్తూ, యునిసెఫ్, అమెరికా రక్షణశాఖల సహకారంతో సూపర్‌మాన్ కామిక్ పుస్తకం తయారైనది.

అంచనా

ఈ పుస్తకాలన్నింటినీ ఒకే గాటన కట్టడం సాధ్యం కాదు. హిట్లర్‌ను గుద్దుతున్న బొమ్మ, ఒక జాతి పిల్లలను బడి నుండి తరుముతున్న బొమ్మ రెండూ ప్రచారమే. మొదటిది అధికారంలో ఉన్న ఒక దురాక్రమణదారుడిని ఎదిరించినది. రెండవది ఏ నేరమూ చేయని పిల్లలపై ద్వేషం పెంచినది. ఈ తేడాను చూడడం అవసరం. అదే సమయంలో న్యాయమైన యుద్ధం చేస్తున్న పక్షం కూడా స్వదేశంలోని నిర్దోషులకు అపకారం చేసే బొమ్మలను గీయగలదని డాక్టర్ స్యూస్ ఉదంతం చూపుతున్నది.

జర్మనీ, జపాన్, అమెరికా దేశాలలో గ్రంథాలయాలు, ప్రదర్శనశాలలు ఈ పుస్తకాలను నాశనం చేయకుండా భద్రపరచాయి. చరిత్ర అధ్యయనంలో ఒక పిల్లల పుస్తకాన్ని పరిశీలించేటప్పుడు దానిని ఎవరు ప్రచురించారు, ఎవరి ధనంతో, ఏ సంవత్సరంలో, అందులో ఎవరికి ముఖం ఉన్నది, ఎవరికి లేదు అన్న ప్రశ్నలు ముఖ్యమైనవి. స్టీమ్‌బోట్ పాత్ర విషయంలో న్యూయార్క్ విద్యార్థులు పెద్దల కంటే ముందుగా వేసినది ఇటువంటి ప్రశ్నే.